ఆవులకూ మనుషులకూ ఒకే గుమ్మం

వేల్స్‌లో మూడు రాత్రుల బసకు గోవర్ ద్వీపకల్పంలో ఒక పాత రైతు ఇంటిని ఎంచుకున్నాం. మూడు వందల ఏళ్ల నాటిదని ప్రకటనలో రాశారు. ఆ పాతదనం ముందుగా తెలిసింది నా నుదుటికి. మెట్ల దగ్గరి దూలానికి మొదటి రోజే రెండుసార్లు తగిలింది. గది శుభ్రంగా ఉంది, పరుపు బాగుంది, వేడినీళ్లు మాత్రం ఒకరి స్నానానికే సరిపోయేవి. ఏ భాగం ఎప్పుడు కట్టారని అడిగితే ఇంటావిడ నవ్వి "అంతా పాతదే" అన్నారు.

మర్నాడు కార్డిఫ్ శివారులోని సెయింట్ ఫాగన్స్‌కు వెళ్లాం. 1948లో తెరిచిన ఆరుబయలు మ్యూజియం ఇది. వేల్స్ నలుమూలల నుంచి పాత కట్టడాలను రాయి రాయీ విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. అవి నలభైకి పైగా ఉన్నాయి. ప్రవేశం ఉచితం, కారు నిలపడానికి మాత్రం రుసుము ఉంది. నడక ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్నవారు అన్నీ చూడాలని పంతం పట్టకపోవడమే మంచిది. మేము రైతు ఇళ్లు మాత్రమే చూశాం, దానికే పూట పట్టింది.

కెన్నిక్స్‌టన్ ఇల్లు మేము బస చేసిన గోవర్ నుంచి వచ్చిందే. 1610లో మొదలై మూడు విడతలుగా పెరిగింది. పైన గడ్డి కప్పు, గోడలకు నెత్తురు లాంటి ఎరుపు. దుష్టశక్తులు దగ్గరికి రాకుండా ఆ రంగు వేశారట. పెరట్లోని రోవన్ చెట్టు ఎర్రటి పళ్లదీ అదే పని. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ వేలాడదీసే ఇంటి నుంచి వచ్చినవాళ్లం, మాకు వింతగా తోచలేదు. లోపల పొయ్యి పక్కన అలమారాలాంటి పెట్టె మంచం ఉంది. ఆ చలిలో ఇంటి మొత్తానికి మంచి చోటు అదే అయి ఉండాలి.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం కిలెవెంట్. మధ్య వేల్స్‌లోని రాయడర్ ఊరి దగ్గరి కొండలోయలో 1470 ప్రాంతంలో కర్రతో కట్టిన ఇంటిని 1734లో రాతితో తిరగకట్టారు. ఈ రకం ఇళ్లను పొడుగిళ్లంటారు. గుమ్మం ఒకటే. లోపలికి అడుగుపెడితే ఒక పక్క పశువుల కొట్టం, ఇంకో పక్క మనుషుల వంటిల్లు. ఇలాంటి ఇళ్లను వాలుగా ఉన్న నేల మీద కట్టి, పల్లపు వైపు పశువులను ఉంచేవారు, పేడనీళ్లు మనుషుల వైపు రాకూడదు కదా. పశువుల ఒంటి వేడి కూడా శీతాకాలంలో ఇంటికి ఆసరా. నడవలో నిలబడితే ఇటు పొయ్యి, అటు గాడి. రాత్రి ఆవు ఈనుతుంటే చలిలో బయటికి వెళ్లే పని లేదు. మా తాతగారి ఊళ్లో కొట్టం పెరట్లో ఉండేది. లాంతరు పట్టుకుని నాయనమ్మ అటు నడవడం గుర్తొచ్చింది.

హెండ్రెర్ అవిద్ అనే ఇల్లు ఇప్పుడు నిలిచి ఉన్న రూపంలో కిలెవెంట్ కంటే పాతది, ఉత్తరాన క్లూయిడ్ లోయ నుంచి తెచ్చారు. దాని ఓక్ చెట్లను 1508లో నరికినట్టు కలప వలయాలను బట్టి తేల్చారు. వంపు తిరిగిన దుంగలను ఎదురెదురుగా నిలబెట్టి పైన కొనలు కలిపారు. కప్పు బరువు గోడల మీద కాదు, ఆ జతల మీదే ఉంటుంది. గోడలు తడికెలకు మట్టి మెత్తినవి. ఐదు అంకణాల్లో రెండు పశువులవి. పొగగొట్టం లేదు, నేల నడుమ నిప్పు. కిటికీలకు అద్దాలు లేవు, నిలువు కర్రలే. లోపలి చీకటికి కళ్లు అలవాటు పడడానికి కాసేపు పట్టింది.

మ్యూజియంలోని పాత రొట్టెల బట్టీలో ఎండుపళ్ల రొట్టె కొన్నాం. టీతో తింటే బాగుంది.

సాయంత్రం బసకు తిరిగొచ్చాక వంటింటి వెనుక గోడను మొదటిసారి పరీక్షగా చూశాను. ఒకచోట రాళ్ల వరుస తెగింది. మూసేసిన గుమ్మం, మనిషికి అవసరమైన దానికంటే వెడల్పు. ఇంటావిడను పిలిచి చూపించాను. ఆవిడ టీ కప్పు కిటికీలో పెట్టి, చేతులు రెండూ చాచి వెడల్పు కొలిచారు.