ఎండిన కర్రకే చుట్టాలెక్కువ: ఊరికే ఇవ్వడమా, అమ్మడమా, పని అడగడమా?

కిందటేడు జూలైలో మూడు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు పొద్దున్నే పెరటి తలుపు చప్పుడైతే తీశాను. పక్కింటి అప్ప నెత్తి మీద గోనెసంచి కప్పుకుని నిలబడి ఉంది.

"తమ్ముడూ, పొయ్యి రాజుకోడం నేదు. రెండు కర్రలట్టుకెల్తాను" అంది. అంటూనే పశువుల సాలలోకి నడిచేసింది. నోటితో రెండన్నది గానీ చంకకి పట్టినన్ని తీసుకుంది. అదీ ఏరి ఏరి. సన్నగా చీల్చిన జీడి పేళ్ళు తనకి, కణుపులున్న మొద్దులు నాకు. తొమ్మిదయ్యేసరికి ఎదురింటి చిన్నాన్న కొడుకు వచ్చాడు, మధ్యాహ్నానికి చివరింటి వదిన. దసరా నాటికి నడుమెత్తున్న వరస మోకాళ్ళకి దిగింది. మా ఆవిడ ఇలాంటివి ఎక్కడా రాసుకోదు, మర్చిపోదు కూడా. "మీరు కొట్టింది ఇంటికా, ఊరికా?" అని ఒక్క మాట అని ఊరుకుంది.

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. మా ఉద్దానం ప్రాంతంలో ఎటు చూసినా కొబ్బరి, జీడి తోటలే కదా, కర్రకి కరువేమిటని బయటివాళ్ళు అనుకుంటారు. పచ్చికర్రకి కరువు లేదు. చీల్చి, ఎండబెట్టి, వాన తగలకుండా దాచిన కర్ర మాత్రం వీధికి ఒకటో రెండో ఇళ్ళలో ఉంటుంది. వీధంతా వచ్చేది ఆ ఇంటికే.

అలా దాచడంలో ఎంత పనుందో అడిగేవాళ్ళకి తెలియదని కాదు. తెలుసు, అందుకే అడుగుతారు. ఆ జీడిచెట్టు మా నాన్న వేసింది. కాండం తొలిచే పురుగు పట్టి ఎండిపోతే సంక్రాంతి వెళ్ళాక కొట్టించాను. రంపం మెషిన్ పెట్టి దుంగలు కోయించడం ఒక్క పూటలో అయిపోయింది. చీల్చడం నా వంతు. జీడి మెత్తటి కర్రే. తిన్నగా ఉన్న దుంగైతే ఒక్క దెబ్బకి రెండు చెక్కలవుతుంది. కొమ్మ చీలిన చోటికి వచ్చేసరికి కథ మారుతుంది. లోపల పోగులు జడలా అల్లుకుపోయి ఉంటాయి. గొడ్డలి దిగుతుంది, మళ్ళీ రాదు. దుంగతో సహా పైకెత్తి నేలకేసి కొట్టాలి. అప్పటికీ రాకపోతే పక్కన ఇనప మేకు పెట్టి సుత్తితో దింపాలి. అలాంటి ఒక్క మొద్దు అరగంట తినేస్తుంది. అరచేతుల్లో లేచిన బొబ్బలు చితికి, ఆ రాత్రి అన్నంలో పులుసు కలుపుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ తరవాత పేర్చడం. చెదలు ఎక్కకుండా కింద రాళ్ళు, రాళ్ళ మీద తాటి దూలం ముక్కలు, వాటి మీద గాలి ఆడేలా ఒక వరస నిలువు, ఒక వరస అడ్డం. పైన టార్పాలిన్ కప్పాలి గానీ పక్కలు మూయకూడదు. మూస్తే బూజు పడుతుంది. పచ్చికర్ర బరువులో దాదాపు సగం నీళ్ళే ఉంటాయి. అవి పోవాలంటే తక్కువలో తక్కువ ఆరు నెలలు. ఎండిందో లేదో తెలుసుకోవడానికి రెండు పేళ్ళు ఒకదానికొకటి కొట్టి చూస్తాను. ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి మొద్దుగా మోగుతాయి.

ఇంత చెప్పినా "గ్యాస్ ఉంది కదా, ఈ కర్రల గోలేంటి?" అనేవాళ్ళుంటారు. ఉంది. ఏడాదికి మూడు ఉచిత సిలిండర్ల దీపం-2 పథకాన్ని 2024 నవంబరు 1న ముఖ్యమంత్రి ప్రారంభించింది మా దగ్గర్లోనే, ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో. మా వీధిలో గ్యాస్ పొయ్యి లేని ఇల్లు లేదు. కానీ నలుగురున్న ఇంటికి మూడు సిలిండర్లు ఏడాది పొడుగునా రావు. స్నానాల నీళ్ళు, ఆవుకి ఉలవలు, పండక్కి పిండివంటలు గ్యాస్ మీద పెట్టడానికి ఎవరికీ చేతులు రావు. ఒక లెక్క చెబుతాను. కిలో గ్యాస్‌లో ఉన్న వేడి కిలో ఎండుకర్రలో మూడో వంతు కూడా ఉండదు. దానికి తోడు మన మూడు రాళ్ళ పొయ్యి ఆ వేడిలో చాలా మటుకు గాలికి వదిలేస్తుంది. అన్నీ కలిపి చూస్తే 14.2 కిలోల సిలిండరు చేసే పనికి సుమారు రెండు క్వింటాళ్ళ ఎండుకర్ర కావాలి. అందుకే "రెండు కర్రలే కదా" అన్న మాట నాకు మింగుడు పడదు. పొయ్యికి రెండు కర్రలతో ఏమవుతుంది? రేపు మళ్ళీ రావాలి, ఎల్లుండి మళ్ళీ రావాలి.

సరే, ఏం చేస్తే మేలు? నేను అన్నీ చేసి చూశాను.

మొదటిది అడిగినప్పుడల్లా ఊరికే ఇవ్వడం. మా నాన్న పద్ధతి ఇదే. దీన్ని తీసిపారెయ్యలేను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా వంటసాల రేకులు ఎగిరిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. ఆ వారమంతా మాకు అన్నం వండి పెట్టింది ఈ అప్పే. అది గుర్తొస్తే చంకెడు పేళ్ళ దగ్గర నేను లెక్కలు చూడటం సిగ్గుగానే ఉంటుంది. అప్పుడు వీధిలో కర్రకి కొదవే లేదు, తోటలన్నీ నేలమట్టమై ఉన్నాయి. ఏం లాభం? కొబ్బరి మాను లోపల పీచులా ఉండి నీళ్ళు పీల్చుకుంటుంది, కుళ్ళితే కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. కింద పడి ఉన్నదాన్ని ఎవరూ అడగలేదు, ఎవరూ చీల్చి దాచుకోనూ లేదు. అందరికీ ఇళ్ళు నిలబెట్టుకోవడమే సరిపోయింది.

ఊరికే ఇవ్వడంలో చిక్కల్లా కొలత లేకపోవడం. అడగగా అడగగా అది హక్కవుతుంది. ఒకసారి లేదంటే ఆ ఒక్కసారే గుర్తుంటుంది. మా ఆవిడది విజయనగరం. పైడితల్లమ్మ జాతరలో ఊరేగించే సిరిమానుకి కావలసిన చింతచెట్టు ఎక్కడుందో అమ్మవారు పూజారికి కలలో చెబుతుందని వాళ్ళ నమ్మకం. ఎవరి తోటలో దొరికితే వాళ్ళు మహాభాగ్యమనుకుని ఇస్తారు. "మావాళ్ళు మానుకి మానే ఇచ్చేస్తారు, మీరు ఐదు పేళ్ళకి మొహం మాడ్చుకుంటారు" అని ఎత్తిపొడుస్తుంది. ఇంటికా, ఊరికా అని అడిగిందీ తనే. అమ్మవారు మళ్ళీ మర్నాడు రాదు కదా అన్నాను. దానికి జవాబు లేదు.

రెండోది లేవని చెప్పడం, లేదా దాచడం. ఇది అన్నిటికంటే చెత్త పద్ధతి. సాలకి తడికె కట్టి తాళం వేశాను. మూడో రోజు ఎదురింటి చిన్నాన్న రోడ్డు మీద నిలబడి "ఏట్రా, గోడౌనెట్టావేటి?" అని అరిచాడు. నలుగురూ నవ్వారు. పల్లెలో లేవని చెప్పడానికి కర్ర బంగారం కాదు, టార్పాలిన్ కింద నుంచి కనబడుతూనే ఉంటుంది. అబద్ధం ఆడినవాడే తల దించుకోవాలి.

మూడోది అమ్మడం. చివరింటి వదిన తనంత తనే "డబ్బులిస్తాను" అంటే మోపు ఎనభై రూపాయలకి ఇచ్చాను. డబ్బు ముట్టిన మర్నాటి నుంచి ఆవిడ పొరుగావిడ కాదు, బేరగత్తె. మోపు చిన్నదంది, సగం కణుపులే అంది, పొగొస్తోందంది. ఊరికే తీసుకెళ్ళిన రోజుల్లో ఇవే పేళ్ళు బంగారంలా మండేవి! ఆ నెల మాకు వాళ్ళ చెట్టు పనసకాయ కూడా డబ్బులకే వచ్చింది. మా ఆవిడ పనస పకోడీ కూర మానేసింది. బయటివాళ్ళకి అమ్మితే ఈ బాధ లేదు. రోడ్డు మీద టీకొట్టువాడు తీసుకుంటాడు, పెళ్ళి వంటలవాళ్ళు తీసుకుంటారు, బేరం అక్కడితో సరి. ఒక మాట గుర్తుంచుకోండి. తూకానికి అమ్మితే పచ్చికర్రకే ఎక్కువ డబ్బులొస్తాయి, ఎందుకంటే నీళ్ళకీ బరువుంది. కాబట్టి కొనేటప్పుడు మోపు చూసి కొనండి, తూకం చూసి కాదు. వీధిలో మాత్రం అమ్మకండి.

నాలుగోది బదులు పని. "ఒక పూట వచ్చి చీల్చు, చీల్చినదాంట్లో మూడో వంతు పట్టుకెళ్ళు." ఈ మాట అనగానే వచ్చేవాళ్ళు సగమవుతారు. మిగిలిన సగం నిజంగా కావలసినవాళ్ళు. చిన్నాన్న కొడుకుని ఇలాగే పిలిచాను. మొదటి గంట ఫోనే చూశాడు. ఆ కొమ్మ చీలిన మొద్దు మీద గొడ్డలి ఇరుక్కుపోయాక ఫోను జేబులో పెట్టాడు. మధ్యాహ్నానికి వాడి చేతులకీ బొబ్బలు వచ్చాయి. ఆ తరవాత వాళ్ళింటి నుంచి ఊరికే అడగడానికి ఎవరూ రాలేదు. పైగా మా కర్రలెవరైనా తీస్తుంటే వాడే "ఏయ్" అని కేకేస్తున్నాడు. ఈ పద్ధతిలో లోపమల్లా గొడ్డలి పట్టగలిగినవాళ్ళకే ఇది పనికొస్తుంది. అప్పకి అరవై దాటాయి. కొడుకులిద్దరూ వలసపోయారు, ఒకడు చెన్నై, ఒకడు హైదరాబాదు. ఆవిడని వచ్చి మొద్దులు చీల్చమంటానా?

అలా ఆలోచిస్తే తట్టిందే ఐదోది. ఇప్పుడు నేను చేస్తున్నదీ అదే. చెట్టు కొట్టే రోజే వీధిలో చెప్పేస్తాను. "ఆదివారం కొడుతున్నాం, చిల్లర కొమ్మలు ఎవరివి వాళ్ళు ఈడ్చుకుపోండి, ఎండబెట్టుకోండి" అని. మాను నాది, చేతి మణికట్టుకంటే సన్నగా ఉన్న కొమ్మంతా వీధిది. ఆ కొమ్మలు నేనే నరుక్కుంటే నాకు రెండు రోజుల పని, వాళ్ళు తీసుకెళ్తే నాకు పెరడు శుభ్రం. చంకెడు పేళ్ళ కంటే ఇది ఎక్కువే, కానీ నా చెమట కలవని కర్ర. మొదట్లోనే నిజం చెప్పాలి, ఇది పచ్చిదని. సరుగుడైతే పచ్చిగా ఉన్నా మండుతుంది. జీడి, మామిడి పచ్చివి పొయ్యిలో పెడితే పొగకి ఇంట్లోవాళ్ళంతా వీధిలోకి వస్తారు, తిట్లు మనకి.

నన్నడిగితే ఐదోది ముందు, అది చాలనివాళ్ళకి నాలుగోది. ఈ రెంటికీ అందనివాళ్ళకి మొదటిదే. మా వీధిలో ఒకాయన వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్ళొస్తాడు. ఉద్దానంలో ఈ కిడ్నీ జబ్బు ఇల్లిల్లూ ఎరుగుదుం. ఆ ఇంటికి నేనే మోపు కట్టి గోడ మీంచి దించుతాను, అడగనివ్వను. చావు ఇంటికి కర్ర అడగడం, ఇవ్వడం అన్న మాటే లేదు. ఇంటికొక దుంగ దానంతట అదే వెళ్తుంది.

భోగి మంటకి కర్రలు పోగేసే పిల్లల సంగతి వేరు. వాళ్ళు అడగరు, రాత్రికి రాత్రి ఎత్తుకుపోతారు. నేను చిన్నప్పుడు మా తాతగారి మంచం కోడే పట్టుకెళ్ళాను కాబట్టి కోప్పడే అర్హత లేదు. ఇప్పుడు డిసెంబరు చివర్లోనే ఆ గొడ్డలి దిగని కణుపు మొద్దులన్నీ గేటు పక్కన పడేసి "ఇవి మీవి, సాల వైపు రాకండి" అని చెబుతున్నాను. వాళ్ళకి రాత్రంతా మండే మొద్దు కావాలి, నాకది వదిలించుకోవాలి. రెండేళ్ళ నుంచి ఒక్క పేడు పోలేదు.

ఈ జనవరిలో మామిడిచెట్టు ఒకటి కొట్టించాం. ఐదిళ్ళవాళ్ళు వచ్చారు. అప్ప కత్తి పట్టలేదు. కొమ్మలు ఈడ్చింది, చితుకులు కట్టలు కట్టింది, పదింటికి అందరికీ టీ పెట్టి తెచ్చింది. తన వాటా గోడవారగా పేర్చి పైన కొబ్బరి మట్టలు కప్పుకుంది.

మొన్న మళ్ళీ ముసురు పట్టింది. పొద్దున్నే పెరటి తలుపు చప్పుడు. అదే గోనెసంచి, అదే అప్ప.

"నీ కర్రలేమయ్యాయి అప్పా?" అన్నాను.

"ఉన్నాయి తమ్ముడూ. తుపాన్ల రోజులకి దాసినాను" అంది, సాలలోకి నడుస్తూ.

వెనకాలే వెళ్ళి చూశాను. ఈసారి నిజంగా రెండే తీసుకుంది.