తుఫాను వేళ హామ్ వాలంటీర్‌కు ఏది మేలు: చేతి సెట్టా, హెచ్‌ఎఫ్ సెట్టా?

హామ్ లైసెన్సు, అంటే సరదాకి సొంత రేడియోలో మాట్లాడుకునేందుకు ప్రభుత్వం ఇచ్చే అనుమతి, చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని ఓ చైనా హ్యాండ్‌సెట్ కొనడం. కొన్ని వేలల్లో వస్తుంది, జేబులో పడుతుంది, బటన్ నొక్కి మాట్లాడటమే. ఇంకొందరు ఓపిక పట్టి, లక్షకు అటూ ఇటూ పోగేసి హెచ్‌ఎఫ్ సెట్టు, అంటే దూరాలకు మాట పంపే పెద్ద రేడియో, కొని డాబా మీద తీగ కట్టుకుంటారు. మామూలు రోజుల్లో ఎవరి సరదా వాళ్ళది. కానీ ‘రేపు తుఫాను వస్తే నేనూ ఓ చెయ్యి వేస్తాను’ అనుకునేవాళ్ళు కొనేముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీ మాట ఎవరికి చేరాలి? పక్క ఊరి షెల్టర్‌కా, మూడు జిల్లాల అవతలికా?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కరెంటూ పోయింది, ఫోన్లూ పోయాయి. అలాంటప్పుడు ఊరికి రెండు రకాల చెవుడు వస్తుంది. ఊళ్ళో ఒక మూల సంగతి ఇంకో మూలకు తెలియదు. మొత్తంగా ఊరి సంగతి బయటకు తెలియదు. ఈ రెండూ వేర్వేరు జబ్బులు, వేర్వేరు మందులు.

ముందు చేతి సెట్టు సంగతి. ఇది పనిచేసేది ఎక్కువగా 2 మీటర్ బ్యాండులో, మన దేశంలో 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ మధ్య. మాట శుభ్రంగా, ఫోనులో విన్నట్టే ఉంటుంది. ఉరుములు మెరుపులు దీన్ని పెద్దగా పట్టించుకోవు. చిక్కంతా దూరంతోనే. 5 వాట్ల సెట్టుకు దాంతో వచ్చిన రబ్బరు యాంటెన్నా తగిలించి భవనాల మధ్య నిలబడితే మూడు నాలుగు కిలోమీటర్లు దాటడం కష్టం. అదే సెట్టుతో కైలాసగిరి మీద ఒక హామ్ కూర్చున్నాడంటే విశాఖలో సగం ఊరు అందుతుంది. ఎత్తే దీని బలం. కోనసీమలో ఆ కొండలు లేవు, ఉన్నవి కొబ్బరి తోటలు. అక్కడ ఎత్తంటే వాటర్ ట్యాంకు, లేదంటే తుఫాను షెల్టర్ డాబా.

అందుకే సెట్టు కొన్న డబ్బులో పదో వంతు బయటి యాంటెన్నాకు పెట్టండి. ఒక సాకెట్టు, అర మీటరు పొడవున్న గట్టి రాగి తీగలు ఐదు చాలు. ఒకటి నిలువుగా పైకి, మిగతా నాలుగూ చుట్టూ ఏటవాలుగా కిందకి. దీన్ని జీఐ పైపు కొసన బిగించి, యాంటెన్నాను సెట్టుకు కలిపే కోయాక్స్ కేబుల్ కిందికి లాగితే, రబ్బరు ముక్కతో పోలికే ఉండదు. రిపీటర్ మీద, అంటే మన మాట అందుకుని తిరిగి దూరానికి పంపే యంత్రం మీద మాత్రం పూర్తిగా ఆధారపడొద్దు. అదీ కొండ మీదే ఉంటుంది, గాలి ముందు తగిలేది దానికే, కరెంటు కావాల్సిందీ దానికే. సెట్టు నుంచి సెట్టుకు నేరుగా మాట్లాడటం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోవాలి.

హెచ్‌ఎఫ్ కథ వేరు. 7 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే 40 మీటర్ బ్యాండులో, డైపోల్ యాంటెన్నా అంటే రెండు వైపులా పదేసి మీటర్ల తీగ. యాంటెన్నా ఎంత ఎత్తున ఉంటే అంత మంచిదని అందరూ చెబుతారు. మన అవసరానికి ఆ సలహా తిరగబడుతుంది. మూడు నాలుగు మీటర్ల ఎత్తులో కడితే సిగ్నల్ దాదాపు నిట్టనిలువుగా పైకి పోయి, ఆకాశంలో చాలా పైన ఉండే అయనోస్ఫియర్ అనే పొరను తాకి, చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర గొడుగు పట్టినట్టు దిగుతుంది. మధ్యలో కొండ ఉన్నా అడ్డు కాదు. పగటి పూట మచిలీపట్నం నుంచి హైదరాబాద్‌కు రిపీటర్ లేకుండా, టవర్ లేకుండా మాట వెళ్తుంది. తీగ కట్టడానికి బట్టలారేసుకునే గుంజలు రెండు సరిపోతాయి. పెద్ద గాలికి పొడవాటి మాస్టు ఎటూ నిలవదు.

ఇక కష్టాలు. తుఫాను మేఘాల్లో మెరుపులుంటే చెవిలో చిటపటలే. చీకటి పడ్డాక 40 మీటర్లలో దగ్గరి స్టేషన్లు మాయమై ఎక్కడెక్కడి గొంతులో వినిపిస్తాయి. అప్పుడు 80 మీటర్ బ్యాండుకు మారాలి, దానికి రెట్టింపు పొడవు తీగ కావాలి. ఇవన్నీ ముందుగా చేతికి అలవాటు కాకపోతే ఆ రోజు సెట్టు ముందు కూర్చున్నా ప్రయోజనం ఉండదు. ఖర్చుకు భయపడేవాళ్ళకు హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ లాంటి చిన్న సెట్లున్నాయి, పదికి అటూ ఇటూ వాట్లు. నేర్చుకోవడానికి బంగారం. ఉరుముల మధ్య సందేశం దాటించాలంటే మాత్రం 50 వాట్లయినా ఉండాలని నా అభిప్రాయం.

లైసెన్సు దగ్గర చాలామంది పొరపడతారు, హెచ్‌ఎఫ్ కావాలంటే జనరల్ గ్రేడ్ లైసెన్సు, మోర్స్ (చుక్కలు, గీతల సంకేత భాష) పరీక్ష తప్పవని. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు, అంటే వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ (రేడియోలో పిలుపు పేరు) ఉన్నవాళ్ళకు మోర్స్ లేదు, 50 వాట్ల వరకు వాడొచ్చు. ఈ సేవకు అది చాలు. అసలు లైసెన్సే లేకుండా సెట్టు కొనడం నేరం, ఆన్‌లైన్లో దొరికినంత మాత్రాన సరే అనుకోకండి.

కరెంటు విషయంలో చేతి సెట్టుదే పైచేయి అంటారు. అదనపు బ్యాటరీ ఒకటి జేబులో వేసుకుంటే రోజు గడుస్తుంది, నిజమే. కానీ ఇంట్లో ఇన్వర్టర్ కింద 12 వోల్టుల ట్యూబులర్ బ్యాటరీ ఉంటుంది కదా, హెచ్‌ఎఫ్ సెట్టుకు దాన్నే నేరుగా తగిలించవచ్చు, మధ్యలో ఫ్యూజు మరవకుండా. వింటున్నప్పుడు చాలా సెట్లు లాగేది ఒక ఆంపియర్ చుట్టుపక్కలే. వోల్టేజి తగ్గుతుంటే పవర్ తగ్గించి మాట్లాడాలి, అంతే. ఆ బ్యాటరీని మోసుకెళ్ళడం మాత్రం మరిచిపోండి, అది ఇద్దరు మనుషుల బరువు పని.

శాటిలైట్ ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకని అడిగేవాళ్ళూ ఉన్నారు. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా అది దగ్గర ఉంచుకోకూడదు. పైగా అది ఒకరితో ఒకరు మాట్లాడేది. రేడియోలో ఒకరు చెబితే పదిమంది వింటారు, మీ మాట అందనివాళ్ళకు మధ్యలో ఉన్నవాళ్ళు అందిస్తారు.

నా లెక్క ఇదీ. ముగ్గురు నలుగురు హామ్‌లున్న పట్టణమైతే, దగ్గర్లో గుట్ట ఏదైనా ఉంటే, చేతి సెట్టు, దానికో బయటి యాంటెన్నా. డెల్టాలో మండలం మొత్తానికి మీరొక్కరే హామ్ అయితే చేతి సెట్టు కొని ఎవరితో మాట్లాడతారు? అప్పు చేసైనా హెచ్‌ఎఫ్ తీసుకోండి. జిల్లా అధికారులకు మీ సంగతి ముందే చెప్పి ఉంచాలి, పిలవని పేరంటానికి వెళ్ళినట్టు తుఫాను ఊళ్ళో దిగొద్దు.

హైదరాబాద్‌లోనో అనంతపురంలోనో ఉన్నవాళ్ళకైతే హెచ్‌ఎఫే, అదీ ఇంట్లో కూర్చునే. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు భారతీ ప్రసాద్ అనే హామ్ పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నారు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున హామ్ కార్యక్రమానికి వెళ్ళి, అక్కడి నుంచే అత్యవసర సందేశాలు పంపారు. ఆమె పేరు అందరికీ గుర్తుంది. అవతల చెవి ఒగ్గి విని, రాసుకుని, దాటించినవాళ్ళు లేకపోతే ఆ సందేశాలు గాలిలోనే ఉండిపోయేవి. ఆ పనికి నేర్చుకోవాల్సింది సెట్టు తిప్పడం కన్నా వినడమే. గరగరలో ‘ఇరవై’కీ ‘అరవై’కీ తేడా తెలియదు. ఇన్సులిన్ ఇరవై కావాలంటే ‘రెండు, సున్నా’ అని విడివిడిగా చెప్పించుకుని, తిరిగి చదివి వినిపించి, అవతలివాళ్ళు సరే అన్నాకే కాగితం మీద టైం వేయాలి.