సింగపూర్‌లో ఫారర్ పార్క్, లిటిల్ ఇండియా వైపు రూమ్ చూస్తున్నారా? డబ్బు వేసేముందు ఇది చదవండి

ఫారర్ పార్క్ స్టేషన్ దగ్గర హెచ్‌డీబీ (ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ) ఫ్లాట్‌లో రూమ్ ఖాళీగా ఉందంటూ ఒక ప్రకటన మళ్ళీ తిరుగుతోంది. ఆ ఫోటోలు నేను అద్దెకున్న ఇంటివే. వాటిలో హాలు విశాలంగా కనిపిస్తుంది. నిజానికి ఆ హాలు ఇప్పుడు లేదు, ప్లైవుడ్ అడ్డం పెట్టి రెండు గదులు చేశారు. కొత్తగా ఉద్యోగానికి వస్తున్నవాళ్ళు ఎవరూ ఇందులో ఇరుక్కోకూడదని రాస్తున్నాను.

ఆ చుట్టుపక్కలే ఉండాలని మనవాళ్ళకి ఎందుకనిపిస్తుందో తెలిసిందే. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి, టెక్కా మార్కెట్టు, ముస్తఫా షాపింగ్ సెంటరు, అన్నీ నడిచి వెళ్ళేంత దూరం. (ఆదివారం సాయంత్రం ఆ వీధుల్లో కాలు పెట్టడానికి చోటుండదు, అది వేరే సంగతి.) గిరాకీ అంత ఉంది కాబట్టే "ఇవాళ డబ్బు వేయకపోతే రేపటికి ఉండదు" అంటే ఎవరైనా నమ్ముతారు. నాకు ఆ రూమ్ ఇచ్చినవాడూ అదే అన్నాడు. తెలుగువాడు, మర్యాదగా మాట్లాడాడు, నేనే ఓనర్ని అన్నాడు. ఒక నెల డిపాజిట్, ఒక నెల అద్దె ముందే తీసుకున్నాడు. అగ్రిమెంటు సంగతి ఎత్తితే, "మనలో మనకి కాగితాలెందుకు బ్రదర్, అంతా వాట్సాప్‌లో ఉంది కదా" అన్నాడు. సామాను దింపాక ఇంకో షరతు బయటపడింది. ఆఫీసులో గానీ బ్యాంకులో గానీ ఈ అడ్రసు ఇవ్వకూడదట. ఎవరైనా తలుపు కొట్టి అడిగితే, ఫ్రెండ్‌ని చూడ్డానికి వచ్చానని చెప్పాలట.

అతను ఓనరు కాడు. ఫ్లాట్ మొత్తం అద్దెకి తీసుకుని, గదుల నిండా మనుషుల్ని పెట్టి, మిగిలింది జేబులో వేసుకుంటున్న ఇంకో అద్దెదారు. హెచ్‌డీబీ ఇంట్లో అద్దెకున్నవాళ్ళు దాన్ని మళ్ళీ వేరేవాళ్ళకి అద్దెకివ్వడం నిబంధనలకి విరుద్ధం. ఒకరోజు ఇంటికి తనిఖీకి వచ్చారు. వాళ్ళ దగ్గరున్న అద్దెదారుల వివరాల్లో మాలో ఒక్కరి పేరూ లేదు. అసలు ఓనరమ్మని మేం చూసింది ఆ తర్వాతే. వెంటనే ఖాళీ చేయమంది. ఆవిడని ఏమీ అనలేను, ఫ్లాటే చేజారే ప్రమాదం ఆవిడకి. డిపాజిట్ మాటేమిటని అతన్ని అడిగితే, "ఆవిడ నాకిస్తే నేను మీకిస్తా" అన్నాడు. కొన్నాళ్ళకి ఫోను కలవడం మానేసింది.

ఇలాంటి ఇల్లు పట్టుకోవడానికి ఒక గుర్తుంది. హెచ్‌డీబీ ఫ్లాట్‌లో గదులు మాత్రమే అద్దెకిచ్చే ఓనరు తాను కూడా ఆ ఇంట్లోనే ఉండాలి. ఓనరు కనబడడు, గదికొకరు చొప్పున ఎవరి డబ్బు వాళ్ళు కడుతున్నారంటే, గది ఇస్తున్న మనిషి ఎవరో గట్టిగా అడగండి. ఆ ఇంటిని అద్దెకివ్వడానికి హెచ్‌డీబీ ఇచ్చిన అనుమతి చూపించమనండి, అందులో మీ పేరు చేరుస్తారా అని అడగండి. నిజమైన ఓనరుకి ఇది పెద్ద పని కాదు. "నెల రోజులకైనా ఇస్తాం" అన్నా అనుమానించాల్సిందే. అద్దె గడువు హెచ్‌డీబీ ఇళ్ళకి కనీసం 6 నెలలు, ప్రైవేటు కాండోలకి (అపార్ట్‌మెంట్లకి) కనీసం 3 నెలలు ఉండాలి.

మధ్యలో ఏజెంటు ఉంటే సీఈఏ (ఇళ్ళ ఏజెంట్లని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైటులో అతని పేరు, ఫోన్ నంబరు వెతకండి. రిజిస్ట్రేషన్ నంబరు ఆర్ అక్షరంతో మొదలవుతుంది. హెచ్‌డీబీ అద్దె డబ్బు ఏజెంటు చేతికి తీసుకోకూడదు, నేరుగా ఓనరు ఖాతాకే వెళ్ళాలి.

అగ్రిమెంటుకి స్టాంప్ డ్యూటీ కట్టడం అద్దెదారు పని. నాలుగేళ్ళలోపు లీజుకి మొత్తం అద్దెలో 0.4 శాతం. నెలకి 1,000 సింగపూర్ డాలర్ల చొప్పున ఏడాదికైతే 48 డాలర్లు. సింగపూర్‌లో సంతకం చేస్తే 14 రోజుల్లో కట్టాలి. స్టాంపు లేని అగ్రిమెంటు కోర్టులో సాక్ష్యంగా చెల్లదు, కాబట్టి ఈ 48 డాలర్ల దగ్గర పొదుపు వద్దు.

డిపాజిట్ రాకపోతే స్మాల్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ఉంది. రెండేళ్ళు దాటని ఇంటి లీజులకి, 20,000 డాలర్ల వరకు గొడవలు అక్కడ తేలుస్తారు. లాయర్లని రానివ్వరు, ఎవరి వాదన వాళ్ళదే. 5,000 డాలర్లలోపు అడిగే మామూలు మనిషికి ఫీజు 10 డాలర్లు. చిక్కల్లా ఏమిటంటే, అవతలి మనిషి ఎవరో, ఎక్కడుంటాడో మీరే చెప్పాలి. మా దగ్గర ఉన్నది అతని ముద్దుపేరు, పనిచేయని నంబరు. డబ్బు వేసిన ఖాతా కూడా ఇంకెవరిదో. మాలో ఒక్కడు మాత్రం మొదటి రోజే మొహమాటపడకుండా అతని పాస్ కార్డు (ఇక్కడ పనిచేయడానికిచ్చే గుర్తింపు కార్డు) ఫోటో తీసుకుని, రసీదు మీద సంతకం పెట్టించుకున్నాడు. ఇప్పటిదాకా కేసు వేయగలిగింది అతనొక్కడే.