డెవిల్స్ లేక్‌లో బాతుల వేట: ఖర్చు చాలా, బాతులు నాలుగు

మినియాపోలిస్ నుంచి నార్త్ డకోటాలోని డెవిల్స్ లేక్ దాదాపు 400 మైళ్ళు. ఫార్గో, గ్రాండ్ ఫోర్క్స్ మీదుగా ఆరు గంటలు పట్టింది. రాత్రి సెయింట్ పాల్‌లో ఆమ్‌ట్రాక్ వాళ్ళ ఎంపైర్ బిల్డర్ రైలు ఎక్కినా అక్కడ దిగొచ్చు. కానీ తుపాకులు, ఎరగా వాడే ప్లాస్టిక్ బాతుల సంచులు, వీటికి తోడు మావాడి రైస్ కుక్కర్ రైల్లో ఎవడు మోస్తాడు? కార్లోనే బయల్దేరాం. అక్టోబరు రెండో వారం, శుక్రవారం.

మావాడికి వేట పిచ్చి పట్టి మూడేళ్ళయింది. నాకిదే మొదటిసారి. పైగా నాది ఇంకా హెచ్‌1బీ. వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ పట్టుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు. కాబట్టి ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు (1961 తర్వాత పుట్టిన వాళ్ళెవరికైనా నార్త్ డకోటాలో తప్పనిసరి), ఆ తర్వాత లైసెన్సు, దానిపైన 25 డాలర్ల ఫెడరల్ డక్ స్టాంపు. ఈ స్టాంపు 1934 నుంచీ ఉంది. ఆ డబ్బు దాదాపు అంతా చిత్తడి నేలలు కొనడానికే పోతుందట. ఆ 25 ఇచ్చినప్పుడు మాత్రం చెయ్యి వెనక్కి రాలేదు. కాగితాలన్నీ జిప్‌లాక్ కవర్లో పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాను. మూడు రోజుల్లో ఎవరూ అడగలేదు, నా టెన్షన్ మాత్రం తగ్గలేదు.

బస సంగతి చెప్పాలి. ఊరు చిన్నది, ఏడు వేల పైచిలుకు జనం. మేం దిగిన మోటెల్ వాళ్ళు బుకింగ్ పేజీలో 'పక్షులు శుభ్రం చేసుకునే షెడ్డు, ఫ్రీజర్ ఉన్నాయి' అని గొప్పగా రాసుకున్నారు. ఉన్నమాట నిజమే. షెడ్డు తాళంచెవి ఉన్నాయన మాత్రం ఆరింటికల్లా ఇంటికెళ్ళిపోతాడు. బాతులు పట్టుకుని మేం వచ్చేసరికి ఎనిమిది. గదిలో కోస్తే ఫైన్ అని తలుపు మీదే బోర్డు. చివరికి బాతుల్ని కారు డిక్కీలో పడుకోబెట్టాం. బయట చలి మైనస్‌లో ఉంది కాబట్టి సరిపోయింది. హీటరు పనిచేసింది, పరుపు బాగుంది, అంతకుమించి ఏం చెప్పను? మళ్ళీ వెళ్తే గ్రాహమ్స్ ఐలాండ్ స్టేట్ పార్కులో కేబిన్ దొరుకుతుందేమో ముందే చూసుకుంటాను, సరస్సు పక్కనే కదా.

శనివారానికి గైడును మాట్లాడుకున్నాం, ఇద్దరికీ కలిపి 500 డాలర్లు. కట్టేటప్పుడు ప్రాణం ఉసూరుమంది. నాలుగున్నరకి లేపాడు. సూర్యోదయం ఇంచుమించు 7:50కి. దానికి అరగంట ముందు నుంచే కాల్చొచ్చు, అంతకు ముందు పేలిందా, కేసే. చీకట్లో పడవ మీద ఒక పాయలోకి తీసుకెళ్ళాడు. చుట్టూ నీళ్ళలో నిలబడి చచ్చిపోయిన చెట్లు, తలలైట్ల వెలుగులో బూడిద రంగులో. ఈ సరస్సుకి మామూలుగా నీళ్ళు బయటికి పోయే దారి లేదు. 1993 నుంచి 2011 లోపు నీటిమట్టం సుమారు 30 అడుగులు పెరిగి రోడ్లనీ పొలాలనీ చెట్లనీ మింగేసింది. రైతులకి నష్టం, బాతులకి పండగ.

ప్లాస్టిక్ బాతులు నాలుగు డజన్లు నీళ్ళ మీద పరిచాడు, మధ్యలో కాస్త ఖాళీ వదిలి. ఎగిరొచ్చేవి ఎదురుగాలికే దిగుతాయి, ఆ ఖాళీ వాటి కోసమేనట. రెల్లు మధ్య బకెట్ల మీద కూర్చున్నాం. వేళ్ళు బిగుసుకుపోయాయి. గైడు గారి నల్ల లాబ్రడార్ నా మోకాలికి ఆనుకుని కూర్చుంది. ఆ ఒక్క చోటే వెచ్చగా ఉంది. తెల్లవారక ముందే పైన రెక్కల చప్పుడు, గుడ్డ చింపుతున్నట్టు. ఏమీ కనిపించదు, వినిపిస్తుందంతే. నన్నడిగితే 500 డాలర్లూ ఆ ఇరవై నిమిషాలకే చెల్లిపోయాయి.

వెలుతురు వచ్చాక అసలు కష్టం. రోజుకి ఆరు బాతులు, అందులో మల్లార్డులు అయిదుకి మించకూడదు, ఆ అయిదులో ఆడవి రెండే. గంటకి యాభై మైళ్ళ వేగంతో వచ్చేదాన్ని చూసి ఆడో మగో తేల్చాలి. తుపాకీలో మూడు తూటాలకంటే పట్టకుండా లోపల కట్టె ప్లగ్ ఉండాలి, సీసం గుళ్ళు వాడకూడదు, మావి స్టీలువి. మావాడు రెండు మల్లార్డులూ, గాడ్‌వాల్ అనే ఇంకో రకం బాతు ఒకటీ కొట్టాడు. నేను పదకొండు తూటాలు కాల్చి ఒక గాడ్‌వాల్ కొట్టాను. కుక్క దాన్ని తెచ్చి గైడు చేతిలో పెట్టింది, నా వైపు చూడనైనా చూడలేదు.

మధ్యలో ఆరు పిన్‌టెయిల్ బాతులు వచ్చాయి. పొడుగు మెడ, సూది తోక. మాది ఆకివీడు పక్కన. చలికాలం కొల్లేటికి దిగేదీ ఈ జాతే, కాకపోతే అక్కడికి సైబీరియా వైపు నుంచి వస్తాయి. మా ఇంట్లో బాతులన్నిటినీ కలిపి పరజలనేవాళ్ళు. అవి రెండు చుట్లు తిరిగి కాళ్ళు చాపి దిగుతుంటే తుపాకీ ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉండిపోయాను.

"ఒరేయ్, సినిమాకొచ్చావా?" అన్నాడు మావాడు. అప్పటికే అవి లేచిపోయాయి.

ఆదివారం గైడు లేకుండా వెళ్ళాం, మావాడి ధైర్యం మీద. పసుపు త్రికోణం బోర్డులున్న ప్రైవేటు పొలాల్లోకి అనుమతి అక్కర్లేదని వాడి లెక్క. నెమలికోడి (ఫెజెంట్) వేట సీజను మొదటి వారంలో బయటి రాష్ట్రాల వాళ్ళకి ఆ పొలాలు మూసేస్తారని శనివారం రాత్రి పదింటికి చదివాడు! సరే, డక్ స్టాంపు డబ్బుతో కొన్న ఫెడరల్ భూమి ఒకటి వెతుక్కుని వెళ్ళాం. చెరువు దొరికింది, బాతులూ ఉన్నాయి, కానీ అవతలి ఒడ్డున. నా వేడరు (నీళ్ళలో దిగడానికి వేసుకునే బూట్ల ప్యాంటు) కుడికాలు కారింది. అద్దెకి తెచ్చుకున్నది, వేసుకునే ముందు నీళ్ళు పోసి చూసుకోవాల్సింది. తొమ్మిదింటికల్లా సాక్సు పిండుకుంటూ కారెక్కాం.

మధ్యాహ్నం స్పిరిట్ లేక్ రిజర్వేషన్ (అమెరికా ఆదివాసుల ప్రాంతం) మీదుగా వైట్ హార్స్ హిల్ అనే వన్యప్రాణి సంరక్షణ కేంద్రానికి పోయాం. అడవిదున్నలు రోడ్డు పక్కనే మేస్తున్నాయి. కుటుంబంతో వెళ్ళేవాళ్ళకి వేటకంటే ఇదే నయం.

కొత్తగా వెళ్ళేవాళ్ళు మొదటి రోజుకి మాత్రం గైడును పెట్టుకోండి, మోటెల్లో మిగిల్చి అయినా సరే. లైసెన్సు ఏడేసి రోజుల చొప్పున రెండు విడతలుగా వాడుకోవచ్చు. మాకింకా ఒక విడత ఉంది.

దారిలో పోలీసులు ఆపితే ఏ జాతో తెలియాలని ఒక్కో బాతుకీ ఒక రెక్క ఈకలతోనే ఉంచి ఇంటికి తెచ్చాం. వాటి మాంసం ముదురు ఎరుపు, వాసన కోడికంటే మేకకి దగ్గర. అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి, గుంటూరు కారం వేసి నలభై నిమిషాలు ఉడికించాడు మావాడు. రెండో ముద్దలో నా పంటికి టక్కున తగిలింది. తీసి చూస్తే స్టీలు గుండు, మిరియం గింజంత. ప్లేటు అంచున పెట్టాను. "అది నీ తూటాదే, దాచుకో" అన్నాడు. పదకొండింటిలో తగిలింది అదొక్కటే కదా, కడిగి జేబులో వేసుకున్నాను.