లూబెక్ పాత ఊరు: మా అమ్మ మోకాళ్లు, నా రివ్యూ

హాంబర్గ్‌లో ఉండే మనవాళ్లు అమ్మానాన్నలు వస్తే బెర్లిన్ చూపిస్తారు. నేను మా అమ్మని లూబెక్ తీసుకెళ్లాను. ట్రైన్‌లో ముప్పావు గంట, దిగి కాస్త నడిస్తే ఊరి పాత కోటద్వారం, హోల్‌స్టెన్ గేటు. 1478లో కట్టడం పూర్తయింది. మెత్తటి నేలలో దిగబడి ఒరిగిపోయింది. బయటి వైపు గోడ మందం 3.5 మీటర్లు, ఊరి వైపు మీటరు కూడా లేదు. "సొంతవాళ్లు పడగొట్టరని ధీమా కాబోలు" అంది అమ్మ.

పక్కనే పాత ఉప్పు గిడ్డంగులు. లూనెబర్గ్ నుంచి ఉప్పు ఇక్కడికొచ్చి ఓడలెక్కేది. అవతల స్కాండినేవియాలో దాంతో హెర్రింగ్ చేపలు ఊరేసేవాళ్లు. హాన్సా (ఆ కాలపు ఉత్తర యూరప్ వర్తక నగరాల కూటమి) వర్తకులు బాగా గడించింది ఈ బేరంలోనే అంటే, "అంటే ఇంత ఊరూ ఉప్పు చేపల డబ్బేనా!" అని గిడ్డంగుల వైపు మళ్లీ తిరిగి చూసింది.

సెయింట్ మేరీ చర్చిలో మాత్రం ఇద్దరం మాట్లాడలేదు. 1942 బాంబు దాడిలో గోపురం నుంచి పడ్డ గంటలు, పగిలిన ముక్కలు పగిలినట్టే, నేలలో కూరుకుపోయి అక్కడే ఉన్నాయి. తీసి అద్దాల పెట్టెలో పెట్టకపోవడమే మంచిదైంది.

నాకు అన్నిటికన్నా నచ్చినవి సందులు. ఇళ్ల మధ్య చిన్న దారి, తల వంచి దూరాలి. శవపేటిక పట్టేంత వెడల్పు ఉంటే చాలనేవారట! లోపలికెళ్తే బుల్లి ఇళ్లు, గుమ్మం పక్కన గులాబీలు, తీగ మీద ఆరేసిన చిన్నపిల్లల సాక్సులు. మనుషులు కాపురం ఉంటున్న చోటు, కాబట్టి ఫోన్లు కిటికీల్లోకి పెట్టకండి. టికెట్టూ లేదు, క్యూ లేదు.

ఇక ఫిర్యాదులు. వీధుల నిండా గుండ్రాళ్లే. మోకాళ్ల నొప్పులుంటే నరకం. సెయింట్ పీటర్ చర్చి గోపురానికి లిఫ్ట్ ఉండబట్టి బతికాం, 50 మీటర్ల పైనుంచి ఊరంతా కనిపించింది. నది ఒడ్డున ఒక కెఫేలో సూప్‌కి నలభై నిమిషాలు కూర్చోబెట్టి చల్లారిపోయింది తెచ్చారు. టాయిలెట్‌కి చిల్లర దగ్గర పెట్టుకోండి.

ఇక్కడి మార్జిపాన్ అనే బాదం మిఠాయి పేరున్నది. అమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, "బాదం బర్ఫీయే, యాలకులు మర్చిపోయారు" అని తీర్పిచ్చింది. వచ్చేటప్పుడు మాత్రం పిన్నికి, అత్తకి, పక్కింటివాళ్లకి అని ఐదు డబ్బాలు కొనిపించింది.