విట్నీలో అమ్మతో ఒక పూట

న్యూయార్క్‌లో మ్యూజియం అనగానే అందరూ మెట్‌కో (మెట్రోపాలిటన్ మ్యూజియం) మోమాకో (ఆధునిక కళల మ్యూజియం) వెళ్ళమంటారు. రెండూ చూశాం. మెట్‌లో తిరిగి తిరిగి అమ్మ మోకాళ్ళు పట్టేశాయి. మోమాలో వాన్ గో బొమ్మకు అడ్డంగా ఎత్తిన ఫోన్లే కనిపించాయి. అమెరికన్ కళకు అంకితమైన విట్నీ మ్యూజియానికి పెద్దగా ఆశ పెట్టుకోకుండానే వెళ్ళాం. మళ్ళీ వెళ్ళాలనిపించేది మాత్రం అక్కడికే.

బస హడ్సన్ నది అవతల, న్యూజెర్సీలోని జర్నల్ స్క్వేర్‌లో. పక్కనే ఇడ్లీ, దోసె దొరుకుతాయి. అక్కణ్ణుంచి న్యూయార్క్ వెళ్ళే పాత్ (PATH) రైలెక్కి క్రిస్టఫర్ స్ట్రీట్‌లో దిగితే మ్యూజియం పావుగంట నడక. హోటల్లోనే చిన్న చికాకు. బుక్ చేసినప్పుడు కనిపించని ‘సౌకర్యాల రుసుము’ గది ఖాళీ చేసేటప్పుడు బిల్లులోకి వచ్చింది. ఏ సౌకర్యాలని అడిగితే కౌంటర్‌లో అమ్మాయి కాసేపు ఆలోచించి, ‘వైఫై’ అంది.

టికెట్ పెద్దలకు 30 డాలర్లు. పాతికేళ్ళు దాటనివారికి, శుక్రవారం సాయంత్రాల్లో అందరికీ ఉచితం. మంగళవారం సెలవు. ఉచితమన్న చోట జనం ఎలా ఉంటారో తెలిసిందే కాబట్టి, మేము గురువారం ఉదయం డబ్బిచ్చే వెళ్ళాం. ఆ ఖర్చుకు చింత లేదు.

శిల్పి, ధనికురాలు అయిన గెర్ట్రూడ్ వాండర్‌బిల్ట్ విట్నీ 1929లో తాను సేకరించిన 500కు పైగా అమెరికన్ కళాకృతులను ఇస్తానంటే మెట్ వద్దన్నదట. మరుసటి ఏడాదే ఆవిడ సొంతంగా మ్యూజియం స్థాపించింది. ఇప్పుడున్న భవనం ఇటలీ ఆర్కిటెక్ట్ రెంజో పియానో రూపకల్పన, 2015లో తెరిచారు. లిఫ్టులో పైకి వెళ్ళి, బయటి డాబాల మీదుగా ఒక్కో అంతస్తూ దిగుతూ రండి. ఒకవైపు హడ్సన్ నది, మరోవైపు ఊరు. మోకాళ్ళకు మేలు.

ఏడో అంతస్తులో అమెరికన్ చిత్రకారుడు ఎడ్వర్డ్ హాపర్ 1930లో వేసిన ‘ఎర్లీ సండే మార్నింగ్’ ముందు అమ్మ ఆగిపోయింది. ఎర్ర ఇటుకల మేడ, కింద మూసిన దుకాణాలు, మంగలి షాపు ముందు చారల స్తంభం, వీధి పొడవునా పడుకున్న నీడ. మనిషన్నవాడు లేడు. దుకాణాల మీద అక్షరాలున్నట్టే ఉంటాయి, చదవబోతే ఒక్కటీ అందదు.

‘ఇంకా పాలవాడు కూడా రాలేదు’ అంది అమ్మ. కాసేపాగి, ‘పైన కిటికీల తెరలు చూడు, ఒక్కోటి ఒక్కో ఎత్తులో ఉంది. ఒక్కో గదిలో ఒక్కో సంసారం’ అంది. నేను అప్పటిదాకా గమనించనే లేదు. పది నిమిషాలు నిలబడ్డాం, ఎవరూ జరగమనలేదు. హాపర్ భార్య జోసెఫీన్ వీలునామాతో ఆయన కృతులు 3,000కు పైగా ఈ మ్యూజియానికే చేరాయి.

చిత్రకారుడు జాస్పర్ జాన్స్ ఒకదాని మీద ఒకటి పేర్చిన మూడు అమెరికా జెండాలు నాకు నచ్చాయి. ‘ఒకటి సరిపోదా?’ అంది అమ్మ. కొన్ని సమకాలీన గదులు మా ఇద్దరికీ కొరుకుడు పడలేదు, త్వరగా దాటేశాం.

బయటికొచ్చి రోడ్డు దాటితే నది ఒడ్డున గోడలూ కప్పూ లేని పెద్ద ఉక్కు చట్రం ఉంది.

‘కడుతున్నారా, కూలగొట్టారా?’

రెండూ కాదన్నాను. ఒకప్పుడు అక్కడున్న రేవు షెడ్డు ఆకారాన్ని, అదే చోట, అదే కొలతల్లో డేవిడ్ హామన్స్ అనే కళాకారుడు ఉక్కు గీతలుగా నిలిపాడని చెప్పాను. 2021లో పూర్తయింది, చూడటానికి టికెట్ అక్కర్లేదు.

అమ్మ బల్ల మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. ‘పెళ్ళయ్యాక పందిరి తీసేస్తే రాటలు మిగిలినట్టుంది’ అంది.