రాత్రికి తీసి పక్కన పెట్టగల జుట్టు: క్లిప్ ఎక్స్‌టెన్షన్లు రెండేళ్ళు వాడాక

క్లిప్ ఎక్స్‌టెన్షన్లంటే పట్టీలకు కుట్టిన వెంట్రుకలు, సొంత జుట్టుకు క్లిప్పులతో తగిలించుకుంటాం. వాటిలో నాకు ప్రాణమైనది ఒకటే, ఇదంతా రాస్తున్నది కూడా దాని గురించే. రాత్రికి తీసేయొచ్చు. తీసేసి, తలకు కొబ్బరినూనె పట్టించుకుని, వదులుగా జడ వేసుకుని పడుకోవచ్చు. శనివారం రాత్రి నూనె, ఆదివారం తలంటు అని చిన్నప్పటి నుంచీ అలవాటైన నాలాంటివాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

రకాలు, పొడవులు, రంగులు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. డెంగీ తగ్గిన రెండు మూడు నెలలకు నా జుట్టు గుప్పెళ్ళతో ఊడింది. పెద్ద జ్వరం తర్వాత అలా ఊడటం మామూలేననీ, మళ్ళీ వస్తుందనీ డాక్టరు చెప్పారు. వచ్చింది కూడా. కానీ అది వచ్చేలోపు పాపిడి పక్కన మాడు కనిపిస్తుంటే రోజూ ఆఫీసుకు వెళ్ళాలంటే టెన్షన్‌గా ఉండేది. అప్పుడు కొన్నాను, అసలు వెంట్రుకలతో చేసిన సెట్టు, 120 గ్రాములు. రెండేళ్ళు దాటినా అదే వాడుతున్నాను.

ఇంచుమించు అదే సమయానికి మా పెదనాన్నగారి అమ్మాయి టేప్‌వి, అంటే కుదుళ్ళ దగ్గర జిగురు టేపుతో అంటించేవి, పెట్టించుకుంది. ఎంత సహజంగా ఉన్నాయో చెప్పలేను, ఆ విషయంలో నావి వాటికి సాటిరావు. కానీ సొంత జుట్టు నెలకు ఒక సెంటీమీటరు పైన పెరుగుతుంది, దానితోపాటు టేపూ కుదుళ్ళ నుంచి కిందికి దిగుతుంది. 6 నుంచి 8 వారాలకోసారి పార్లరుకు వెళ్ళి తీయించి మళ్ళీ పైకి అంటించుకోవాలి. నూనె తగిలితే జిగురు వదిలేస్తుంది కాబట్టి తలకు నూనె మాటే లేదు. మొదటిసారి తీయించినప్పుడు చేతికొచ్చిన వెంట్రుకల ముద్ద చూసి అక్క ఏడ్చేసింది. ఎవరికైనా రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలతాయి. దువ్వెనతో వచ్చేయాల్సినవి టేపు మధ్య ఇరుక్కుని అన్నీ ఒక్కసారే వస్తాయి. అందులో ఎక్కువ భాగం ఎలాగూ రాలాల్సినవే. ఆ ముక్క పార్లరువాళ్ళు ముందే చెప్పి ఉంటే అక్క అంత బెంబేలెత్తిపోయేది కాదు.

ఇక నా సెట్టు సంగతి. కొత్తలో దాని మెరుపు చూసి మురిసిపోయి అందరికీ చూపించాను. ఆ మెరుపులో చాలా భాగం పైన పూసిన సిలికాన్‌ది, కొన్నిసార్లు ఉతికేసరికి పోయింది. లోపలి జుట్టు మంచిదే కాబట్టి ఆ తర్వాత కూడా బాగానే ఉంది, కాకపోతే మామూలు జుట్టులా ఉంది. అసలు పరీక్ష పోయిన వేసవిలో వచ్చింది.

ఏప్రిల్ వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ళు, ట్యాంకర్లే దిక్కు. బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంది, గీజర్ లోపల సున్నం పేరుకుంటుంది. అదే ఈ వెంట్రుకలకూ పట్టింది. సొంత జుట్టుకైతే మాడు నుంచి జిడ్డు దిగుతూ ఎంతో కొంత కాపాడుతుంది. పెట్టుకునే జుట్టుకు ఆ ఆధారం లేదు. దానికి తోడు మేనకోడలి పెళ్ళికి ఎండలో పగటి బస్సులో విజయవాడ ప్రయాణం, చెమట, మెడ వెనక సీటు రాపిడి. విడిదికి చేరి తీసి చూద్దును కదా, మెడ దగ్గర పెట్టుకునే వెడల్పు పట్టీ కొబ్బరి పీచులా ముద్ద కట్టేసింది. వేలు దూర్చే సందు లేదు.

దగ్గర్లో ఉన్న పార్లరుకు పట్టుకెళితే, ముద్ద కట్టినంత మేరా కత్తిరించాలి, నాలుగైదు అంగుళాలు పోతాయి అన్నారు. దిగులుగా వెనక్కి తెచ్చాను. మా పిన్ని దాన్ని నా చేతిలోంచి తీసుకుని, "చిక్కేగా, దీనికి కత్తెర దాకా ఎందుకే" అంది. పిన్నికి డెబ్బై దాటాయి, పెళ్ళినాటి సవరం ఇప్పటికీ ఆమె బీరువాలో ఉంది.

భోజనాలకని దింపిన 20 లీటర్ల మంచినీళ్ళ క్యాన్ ఒకటి తెప్పించింది. చిన్న బకెట్‌లో ఆ నీళ్ళు పోసి, రెండు నిమ్మకాయలు పిండి వడకట్టి, పట్టీని కాసేపు నానబెట్టింది. సున్నాన్ని కరిగించేది పులుపే, వెనిగర్ అయినా సరే. తర్వాత శుభ్రంగా జాడించి, నా దగ్గరున్న కండిషనర్ ధారాళంగా పట్టించి, పట్టీకి దారం కట్టి తలుపు గడియకు వేలాడదీసింది. పెద్ద పళ్ళ దువ్వెనతో కొస నుంచి మొదలుపెట్టింది. రెండు వేళ్ళ వెడల్పు చిక్కు వీడితే దువ్వెన మరో రెండు వేళ్ళు పైకి వెళ్ళేది. దువ్వుతున్న చోటికి పైన ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంది, లాగుడంతా ఆ పిడికిలి దగ్గరే ఆగిపోతుంది, పైన కుట్టు మీదికి పోదు. పట్టీల నుంచి వెంట్రుకలు ఎక్కువగా రాలేది ఆ కుట్టు వదులైనప్పుడే. సాయంత్రం ఎదుర్కోలు వేళకు పట్టీ ఆరి, వాడుకునే స్థితిలోకి వచ్చింది. పోయినవి గుప్పెడు వెంట్రుకలు, అంతే.

పిన్ని చేతి చలవ ఒక్కటే కాదు, ఆ జుట్టు మంచిది కావడం కూడా కారణమే. వెంట్రుక మీద కుదురు నుంచి కొస దాకా సన్నటి పొలుసులు పరుచుకుని ఉంటాయి. ఒక వెంట్రుకను వేళ్ళ మధ్య అటూ ఇటూ లాగితే ఒకవైపు నునుపుగా, రెండోవైపు గరుకుగా తెలుస్తుంది. అన్నిటి కుదుళ్ళూ ఒకేవైపు ఉంటే చిక్కుపడినా విడదీయొచ్చు. తిరుమల కల్యాణకట్టలో భక్తులు ఇచ్చే తలనీలాల్లో పొడవాటి జుట్టుకు విదేశాల్లో అంత గిరాకీ ఉండటానికి ఇదీ ఒక కారణం. ఊరూరా తిరిగి స్టీలు గిన్నెలిచ్చి కొనే చిక్కు వెంట్రుకల్లో కొసలూ కుదుళ్ళూ కలగాపులగంగా ఉంటాయి. వాటితో చేసే చాలా సెట్లకు పొలుసులు యాసిడ్‌తో తీసేసి సిలికాన్ పూస్తారు. పూత పోయాక అవి ముద్ద కడితే ఇక విడవవు. కొనేముందు ఎవరైనా నన్ను ఒక్క సంగతి అడిగితే ఇదే చెబుతాను, మెరుపు చూడొద్దు, వేళ్ళతో కొస నుంచి పైకి రాసి చూడండి, కాస్త గరుకుగా తగిలితే పొలుసులు ఉన్నట్టే.

ఆ రోజు పిన్ని ఇంకో మాటంది. "దీనికి తల లేదు, దీని నూనె దీనికి మనమే పెట్టాలే." అప్పటి నుంచి ఆఖరి జాడింపు ఫిల్టర్ నీళ్ళతో, ఆరాక కొసలకు మాత్రం ఒకటి రెండు చుక్కల నూనె. పైన కుట్టు దగ్గర, క్లిప్పుల దగ్గర నూనె తగలనివ్వను, తగిలితే జారిపోతాయి. ముద్ద కట్టడం మళ్ళీ జరగలేదు.

క్లిప్పుల మీద మాత్రం కోపం ఉంది. సెట్టుతో వచ్చే చిన్న పట్టీలు రెండు చెవుల పైన పెట్టుకోవాలని పెట్టె మీద బొమ్మ వేసి మరీ ఇస్తారు. మన తలలో సన్నటి జుట్టు ఉండే చోట్లలో అదొకటి. కొన్ని నెలలకు నా ఎడమ చెవి పైన వెంట్రుకలు తెగి, చిన్న చిన్న మొలకల్లా నిలబడ్డాయి, సాయంత్రానికి అక్కడ సలిపేది. చర్మ డాక్టరు చూసి, ఇది లాగుడు వల్లేననీ, తొందరగా ఆపితే మళ్ళీ వస్తుందనీ, ఏళ్ళ తరబడి సాగితే కుదుళ్ళే పోయి ఇక రాదనీ చెప్పారు. ఆ రెండు పట్టీలు పక్కన పడేశాను, జుట్టు తిరిగొచ్చింది. అమ్మేవాళ్ళు క్లిప్ నిలవడానికి కుదుళ్ళ దగ్గర వెనక్కి దువ్వి చింపిరి చేసుకోమంటారు. అదీ వద్దు. లోపలి జుట్టుతో తలకు ఆనించి సన్న జడ అల్లుకుని దానికి క్లిప్ తగిలిస్తే బరువు నాలుగు వెంట్రుకల మీద కాక జడంతా పడుతుంది.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. జుట్టు విరబోసుకోవడానికి, సగం క్లిప్ పెట్టుకోవడానికి ఇవి బాగుంటాయి. జడ వేసి మల్లెపూలు పెట్టుకోవాలంటే మాత్రం పిన్ని సవరమే మేలు. మూడు పాయలతో సొంత జుట్టులో కలిపి అల్లేస్తాం కాబట్టి పూల బరువు ఒక్కచోట లాగదు. క్లిప్పుల మీద పూలజడ వేసుకున్న రోజు నాకు రాత్రి దాకా తలనొప్పి.

నా జుట్టు ఇప్పుడు భుజాలు దాటింది, కాబట్టి వారానికి రెండుమూడు రోజులకు మించి పెట్టుకోను. ఇంట్లో ఫిల్టర్ ఉంది, ఉతికి ఆరేసుకునే తీరిక ఆదివారం దొరుకుతుంది. హాస్టల్లో బోరు నీళ్ళతో, పొద్దున్నే పరుగులతో ఉండేవాళ్ళకు ఇంత పని కుదురుతుందో లేదో చెప్పలేను. తలకు నూనె రాసే అలవాటు లేనివాళ్ళకు టేపే నచ్చొచ్చు. నేను మళ్ళీ కొంటే ఇవే కొంటాను, చెవుల పైన పెట్టే ఆ రెండు ముక్కలు లేని సెట్టు దొరికితే మరీ సంతోషం.